పిల్లికి వదలని పడిశం

తుమ్ములు, చీమిడి, ముక్కు దిబ్బడ... పెంపుడు పిల్లుల్లో ఇవి కొన్నిసార్లు నెలల తరబడి, ఏళ్ల తరబడి సాగుతాయి. పూర్తిగా నయం కాకపోయినా చక్కగా అదుపులో ఉంచుకోవచ్చు. అయితే అందుకు ఇంట్లో ఉన్న మన జలుబు మందులు పనికిరావు. పైగా వాటిలో కొన్ని పిల్లి ప్రాణం తీస్తాయి.

జలుబుకు మందు వేసుకుంటే వారంలో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందని సరదాగా అంటుంటాం. మనుషుల వరకూ ఈ మాట చాలాసార్లు నిజమే. పిల్లుల విషయంలో మాత్రం అన్నిసార్లూ చెల్లదు. వారం రోజులు బాగుంటుంది, మళ్లీ తుమ్ములు మొదలవుతాయి. నిద్రలో గురక వినిపిస్తుంది. సోఫా మీద, గోడల మీద చీమిడి చుక్కలు పడుతుంటాయి. వాసన తెలియక ఎంతో ఇష్టమైన చేప ముక్కను కూడా మూతి దగ్గర పెట్టుకుని వదిలేస్తుంది.

నేను మనుషులకు వైద్యం చేసే డాక్టర్ని. బీపీకో షుగరుకో చూపించుకోవడానికి ఓపీకి వచ్చినవారు మందుల చీటీ తీసుకుని లేస్తూ, ‘మా పిల్లికి కూడా జలుబండీ, పిల్లల సిరప్ కొంచెం వేయొచ్చా?’ అని అడగడం ఈమధ్య మామూలైపోయింది. వేయకూడదన్నదే దీనికి సమాధానం. పిల్లికి చికిత్స చేయాల్సింది పశువైద్యులే. కానీ ఇంట్లో మందుల డబ్బా నిండా ఉన్నవి మాలాంటి వాళ్లం మీకు రాసిచ్చినవే. వాటిలో ఏది పిల్లి దగ్గరకు వెళ్లకూడదో, పిల్లి జబ్బులో ఏది మీ దాకా రావచ్చో మేమూ చెప్పాల్సి ఉంటుంది.

ఎందుకు తిరగబెడుతుంది?

పిల్లుల్లో జలుబు లక్షణాలకు ఎక్కువగా కారణమయ్యేవి రెండు వైరస్‌లు. ఒకటి పిల్లుల హెర్పిస్ వైరస్, రెండోది కాలిసి వైరస్. హెర్పిస్‌లో తుమ్ములు, ముక్కు కారడం, కళ్లు ఎర్రబడి పుసి కట్టడం ఎక్కువ. కాలిసిలో వీటితోపాటు నాలుక మీద, నోట్లో పుండ్లు పడుతుంటాయి. చాలా పిల్లులకు ఇవి కూనగా ఉన్నప్పుడే తల్లి నుంచో, తోటి పిల్లుల నుంచో సోకుతాయి.

హెర్పిస్ తీరు మీకు కొత్తదేమీ కాదు. జ్వరం వచ్చినప్పుడు కొందరికి పెదవి అంచున నీటి పొక్కులు వస్తాయి కదా! దానికి కారణమైన మన హెర్పిస్ వైరస్ ఒకసారి శరీరంలోకి వస్తే ముఖానికి స్పర్శనిచ్చే నాడి మొదట్లో దాక్కుని జీవితాంతం ఉండిపోతుంది. ఒంట్లో బలం తగ్గినప్పుడు బయటపడుతుంది. పిల్లుల హెర్పిస్ వేరే వైరస్. అది మనుషులకు సోకదు. కానీ అది కూడా పిల్లి ముఖ నాడిలో ఇలాగే దాక్కుంటుంది. ఇల్లు మారడం, కొత్త పిల్లిని తేవడం, ఊరెళ్తూ ఎవరింట్లోనో వదిలి వెళ్లడం, దీపావళి టపాసుల మోత, ఈని పాలివ్వడం, స్టెరాయిడ్ మందులు... ఇలా పిల్లికి ఒత్తిడి కలిగించేది ఏదైనా దాన్ని నిద్రలేపొచ్చు. లక్షణాలు వెంటనే కాకుండా సుమారు వారం తర్వాత బయటపడటంతో మనకు ఆ రెంటికీ సంబంధం తట్టదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పిల్లి ముక్కు లోపల కాగితం చుట్టల్లా ముడుచుకున్న పల్చటి ఎముకలు ఉంటాయి. పీల్చే గాలిని వెచ్చబరిచి, తేమనిచ్చి, దుమ్మును వడకట్టే పని ఈ చుట్టల మీద ఉండే పొరది. కూనగా ఉన్నప్పుడు వచ్చిన తీవ్రమైన హెర్పిస్ ఈ పొరను, ఎముకలను కూడా దెబ్బతీయొచ్చు. అవి మళ్లీ మునుపటిలా తయారుకావు. అక్కడ శ్లేష్మం నిలిచిపోతుంది, అందులో బ్యాక్టీరియా చేరుతుంది. యాంటీబయాటిక్ వేస్తే బ్యాక్టీరియా తగ్గుతుంది, చీమిడి పల్చబడుతుంది. మందు ఆపగానే మళ్లీ మొదటికొస్తుంది. మందు పనిచేయలేదని కాదు, లోపలి నిర్మాణమే పాడైందని అర్థం. అందుకే దీన్ని ఆస్తమా మాదిరిగా చూసుకోవాలి. ఒక్కసారిగా తరిమేయడం కుదరకపోవచ్చు. ఉధృతి పెరగకుండా చూసుకోవడం మాత్రం మన చేతుల్లోనే ఉంటుంది.

ఒకవైపా? రెండువైపులా?

వదలని పడిశమంతా వైరస్ పుణ్యమే అనుకోవడం కూడా పొరపాటే. ముక్కు ఎలా కారుతోందో కొన్ని రోజులు గమనిస్తే డాక్టరుకు సగం దారి చూపించినవాళ్లవుతారు.

రెండు రంధ్రాల నుంచీ కారుతూ, కళ్లలో కూడా పుసి కడుతుంటే వైరస్‌ల మీద అనుమానం ఎక్కువ. ఒక్క రంధ్రం నుంచే చీము, దుర్వాసన వస్తుంటే పై కోరపన్ను మొదట్లో చీము పట్టి ముక్కులోకి దారి చేసుకుని ఉండొచ్చు, లేదా లోపల ఏదైనా ఇరుక్కుని ఉండొచ్చు. పిల్లులు గడ్డి కొరుకుతాయి. మింగబోయిన గడ్డిపోచ అంగిలి వెనుక నుంచి పైకి ఎగబాకి ముక్కులో చిక్కుకోవడం పశువైద్యులకు తెలిసిన విషయమే. అప్పటిదాకా బాగున్న పిల్లి ఉన్నట్టుండి ఆగకుండా తుమ్ముతూ, మూతిని కాలితో రుద్దుకుంటుంటే దీన్ని అనుమానించాలి.

చిన్న వయసు పిల్లికి చీమిడి పెద్దగా లేకుండా గురక, మింగేటప్పుడు ఇబ్బంది ఉంటే ముక్కు వెనక భాగంలో పాలిప్ పెరిగి ఉండొచ్చు. ఇది క్యాన్సర్ కాదు, తీసేస్తే చాలామటుకు హాయిగా ఉంటుంది. పెద్ద వయసు పిల్లికి ఒకవైపు నుంచి మొదలై, రక్తం కలిసిన స్రావం వస్తూ, ముఖం ఆకారం మారుతుంటే కణితి ఉందేమో చూడాలి.

ముక్కు దూలం మీద వాపు, పుండు కనిపిస్తే ఫంగస్ కావచ్చు. వీటిలో క్రిప్టోకాకస్ అనేది ముఖ్యమైంది. ఇది పావురాల రెట్టల్లో పెరుగుతుంది. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పావురాల రెట్టలు పేరుకుపోయి ఉంటే పిల్లికే కాదు, ఇంట్లోవాళ్లకూ మంచిది కాదు. వాటిని పొడిగా ఊడ్చొద్దు. మాస్కు పెట్టుకుని, నీళ్లతో బాగా తడిపాకే తీయండి.

ఇక పర్షియన్ పిల్లులు. వాటి ముఖం చప్పిడిగా ఉండటం ముచ్చటగానే ఉంటుంది. కానీ ముక్కు రంధ్రాలు ఇరుకు, లోపలి దారి వంకర. ఏ జబ్బూ లేకపోయినా గురక పెడతాయి, కన్నీళ్లు కారుతుంటాయి. జబ్బు చేస్తే మిగతా పిల్లుల కన్నా ఎక్కువ ఇబ్బంది పడతాయి.

పరీక్షలు ఎప్పుడు?

కొత్తగా వచ్చిన జలుబులో స్రావం నీళ్లలా ఉండి, పిల్లి ఆడుకుంటూ, తింటూ ఉంటే 10 రోజుల వరకు యాంటీబయాటిక్ లేకుండానే గమనించవచ్చు. అయితే కూనలకు ఈ గడువు వర్తించదు. తినడం తగ్గినా, జ్వరంతో నీరసించినా పెద్ద పిల్లినైనా వెంటనే చూపించాలి. మూడు నాలుగు వారాలు దాటినా తగ్గకపోయినా, మాటిమాటికీ తిరగబెడుతున్నా అసలు కారణం తేల్చుకోవాల్సిందే. మత్తు ఇచ్చి నోరు, పళ్లు, అంగిలి వెనక భాగం చూడటం, ఎక్స్‌రే లేదా సీటీ స్కాన్, సన్నటి కెమెరాతో ముక్కు లోపల పరీక్ష, అవసరమైతే చిన్న ముక్క తీసి పంపడం... ఇదీ వరస. రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్ఐవీ, ఎఫ్ఈఎల్వీ అనే పిల్లుల వైరస్‌లకు రక్తపరీక్ష కూడా చేయిస్తారు. ఇవి కూడా మనుషులకు అంటవు.

అన్ని సౌకర్యాలూ వీధి చివరి క్లినిక్‌లో ఉండవు. హైదరాబాద్‌లో రాజేంద్రనగర్, ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలలకు అనుబంధంగా ఆసుపత్రులు ఉన్నాయి. మీ పశువైద్యుడిని అడిగి, చీటీ రాయించుకుని వెళ్లండి.

మన మందుల డబ్బా తెరవొద్దు

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుంచుకుంటానంటే ఈ భాగాన్ని గుర్తుంచుకోండి.

పారాసిటమాల్: పిల్లికి ఇది విషం. మన కాలేయం పారాసిటమాల్‌ను ఒక పద్ధతిలో మార్చి బయటకు పంపిస్తుంది. పిల్లి కాలేయంలో ఆ పనికి కావాల్సిన ఎంజైమ్ సరిగా పనిచేయదు. దాంతో మందు విషపదార్థంగా మారి రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు మోయలేని స్థితికి తెస్తుంది. చిగుళ్లు గోధుమ రంగులోకో, నీలంగానో మారతాయి. ముఖం, పాదాలు వాస్తాయి. ఊపిరి ఆడదు. కిలో బరువుకు 10 మిల్లీగ్రాముల మోతాదు కూడా కొన్ని పిల్లుల్లో విషమైన సందర్భాలున్నాయి. నాలుగు కిలోల పిల్లికి 500 మిల్లీగ్రాముల మాత్రలో పావు ముక్క వేసినా దానికి మూడింతలు అవుతుంది. మందుల షాపులో ఇచ్చే జలుబు మాత్రల్లో, పిల్లల జలుబు సిరప్‌లలో చాలావాటిలో పారాసిటమాల్ ఉంటుందని మరవొద్దు. పొరపాటున వేసి ఉంటే లక్షణాల కోసం ఎదురుచూడకుండా, మందు అట్టతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి. మనుషులకు వాడే విరుగుడు ఎన్-అసిటైల్ సిస్టీన్ పిల్లులకూ పనిచేస్తుంది. కానీ ఎంత త్వరగా వెళ్తే అంత మేలు.

ముక్కులో చుక్కల మందు: దిబ్బడకు మనం వాడే జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ చుక్కలు పిల్లి గుండె వేగాన్ని, రక్తపోటును ప్రమాదకరంగా తగ్గించవచ్చు. మన మోతాదులో ఒక్క పిచికారీ కూడా దాని ఒంటికి ఎక్కువే.

ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్: కడుపులో పుండ్లు, కిడ్నీల దెబ్బకు దారితీస్తాయి.

ఎసైక్లోవిర్, వాలసైక్లోవిర్: ‘హెర్పిస్ అన్నారు కదా’ అని పెదవి పొక్కులకు వాడగా మిగిలిన మాత్రలు వేయొద్దు. పిల్లుల హెర్పిస్ మీద ఇవి పెద్దగా పనిచేయవు. పైగా ఎముక మజ్జను, కాలేయాన్ని, కిడ్నీలను దెబ్బతీస్తాయి.

బామ్‌లు, కర్పూరం, యూకలిప్టస్ నూనె: పిల్లి రోజంతా ఒళ్లు నాక్కుంటుంది. ఛాతీకి రాసింది కడుపులోకి వెళ్తుంది. ఆవిరి నీళ్లలో కూడా ఇవి కలపొద్దు.

ఇంట్లో చేయాల్సినవి

ఆవిరి: స్నానాలగదిలో బకెట్ నిండా మరిగే నీళ్లు పెట్టి తలుపు మూయండి. గది ఆవిరితో నిండాక పిల్లిని తీసుకెళ్లే పెట్టెలో ఉంచి, బకెట్‌కు దూరంగా, ఎత్తు మీద పెట్టి 10 నుంచి 15 నిమిషాలు పక్కనే కూర్చోండి. రోజుకు రెండుసార్లు చాలు. గిన్నెలో నీళ్లు పోసి దుప్పటి కప్పి మనం పట్టే ఆవిరి పిల్లికి పట్టొద్దు. గింజుకుంటే ఇద్దరూ కాల్చుకుంటారు. ఇంట్లో నెబ్యులైజర్ ఉంటే ఉత్త సెలైన్‌తో, పశువైద్యుడు చూపించినట్టు వాడొచ్చు. పిల్లల ఆయాసానికి ఇచ్చిన మందు అందులో పోయొద్దు.

సెలైన్ చుక్కలు: 0.9 శాతం ఉప్పునీటి చుక్కలు, ఇతర మందులేవీ కలవనివి, ఒక్కో రంధ్రంలో ఒకటి చొప్పున వేయొచ్చు. వెంటనే తుమ్ముతుంది. దిగిరావాల్సింది దిగివస్తుంది. పెనుగులాడితే బలవంతపెట్టొద్దు.

ముఖం తుడవడం: గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో ముక్కు, కళ్ల దగ్గర ఎండిన పొక్కు నానబెట్టి తీయండి. పీకితే పుండవుతుంది. ఒక్కో కంటికి వేరే దూది వాడండి.

తిండి: పిల్లి వాసన చూసే తింటుంది. ముక్కు మూసుకుపోతే ఆకలి ఉన్నా తినదు. అందుకే తిండిని దాని ఒంటి వేడికి దగ్గరగా, అంటే 38 డిగ్రీల దాకా వెచ్చచేసి పెట్టండి. వేలు పెడితే గోరువెచ్చగా ఉండాలి. ఉడికించిన చేప, కోడిమాంసం మెత్తగా చేసి, ఆ ఉడికిన నీళ్లతోనే కలిపి ఇవ్వొచ్చు. చేప ముళ్లు తీసేయండి. ఉల్లి, వెల్లుల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి కాబట్టి మన పులుసులోది, కూరలోది పెట్టొద్దు.

బరువు: వారానికోసారి పిల్లిని ఎత్తుకుని తూకం మీద నిలబడండి, తర్వాత మీ బరువు తీసేయండి. నాలుగు కిలోల పిల్లి 400 గ్రాములు తగ్గిందంటే 60 కిలోల మనిషి ఆరు కిలోలు తగ్గినట్టే.

గాలి: అగరుబత్తి, సాంబ్రాణి పొగ, దోమల చుట్ట, సిగరెట్, గది సువాసన స్ప్రేలు... ఇవన్నీ దెబ్బతిన్న ముక్కును రేపుతాయి. పూజగదిలో బత్తి వెలిగిస్తే పిల్లిని వేరే గదిలో ఉంచండి. మలవిసర్జన పెట్టెలో దుమ్ము లేవని ఇసుక వాడండి.

మందులు: ఓపిక కావాలి

పశువైద్యులు యాంటీబయాటిక్ రాస్తే చెప్పినన్ని రోజులు వాడండి. నాలుగు రోజులకు ముక్కు ఆరిందని ఆపేసి, మిగిలినవి తర్వాతి విడతకు దాచొద్దు. ఇలా ఆపుతూ వేస్తూ ఉంటే మందుకు లొంగని బ్యాక్టీరియా తయారవుతుంది. అది పిల్లికే పరిమితమవుతుందన్న హామీ లేదు. డాక్సీసైక్లిన్ మాత్ర వేస్తే వెంటనే సిరంజితో ఐదారు మిల్లీలీటర్ల నీళ్లు మెల్లగా తాగించాలి. లేకపోతే మాత్ర గొంతు కింద అతుక్కుని అన్నవాహిక పుండుపడి, మూసుకుపోయే ప్రమాదముంది.

హెర్పిస్ ఉధృతంగా ఉంటే ఫామ్‌సైక్లోవిర్ అనే మందు పశువైద్యులు వాడతారు. మోతాదు, కాలం వాళ్లే నిర్ణయించాలి. లైసిన్ పొడి చాలామంది కొంటుంటారు. దాని మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూస్తే ఉపయోగం కనిపించలేదు. ఆ డబ్బుతో మంచి తిండి పెట్టడం మేలు. స్టెరాయిడ్లు కొన్ని రకాల ముక్కు వాపులో పనిచేసినా దాక్కున్న హెర్పిస్‌ను లేపగలవు. సొంతంగా వాడొద్దు.

వెంటనే తీసుకెళ్లాల్సిన సందర్భాలు

- నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంటే. కుక్కకు ఇది మామూలే, పిల్లికి కాదు.
- చిగుళ్లు నీలంగానో, గోధుమ రంగులోనో, పాలిపోయో కనిపిస్తే.
- పూర్తిగా తిండి మానేసి ఒక రోజు దాటితే. పిల్లి, ముఖ్యంగా లావుగా ఉన్నది, రెండు మూడు రోజులు పస్తుంటే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికొస్తుంది. కూనల విషయంలో కొన్ని గంటలే గడువు.
- ముక్కు నుంచి రక్తం వస్తే, ముఖం ఒకవైపు ఉబ్బితే.
- కన్ను తెరవలేకపోతే, కంటి మీద తెల్లటి మచ్చ కనిపిస్తే. హెర్పిస్ నల్లగుడ్డు మీద పుండు చేస్తుంది.

ఇంట్లోవాళ్లకు అంటుతుందా?

పిల్లుల హెర్పిస్, కాలిసి మనుషులకు రావు. మీ పిల్లాడి జలుబు పిల్లి వల్ల వచ్చింది కాదు. బోర్డెటెల్లా అనే బ్యాక్టీరియా మాత్రం అరుదుగా సోకుతుంది. క్యాన్సర్ మందులు వాడుతున్నవారు, అవయవ మార్పిడి చేయించుకున్నవారు జబ్బు పిల్లికి దూరంగా ఉండటం మంచిది. మిగతావాళ్లు చీమిడి తుడిచాక సబ్బుతో చేతులు కడుక్కుంటే చాలు. ముక్కు మీద మానని పుండు ఉన్న పిల్లిని మాత్రం గ్లౌజులు లేకుండా ముట్టుకోవద్దు. పిల్లి నుంచి మనిషికి వచ్చే ఫంగస్‌లు కూడా ఉన్నాయి.

ఇంట్లో ఎవరికైనా ఆయాసం ఉంటే సంగతి వేరు. పిల్లి లాలాజలం, చర్మం నుంచి వచ్చే ఒక ప్రొటీన్ చాలామందిలో అలర్జీకి కారణం. అది గాలిలో తేలుతూ ఉంటుంది. కనీసం పడకగదిలోకి పిల్లిని రానివ్వకండి. ఇన్‌హేలర్ మానొద్దు.

నేను ఎక్కువగా భయపడేది ఇంకో దానికి. జబ్బు పిల్లికి మందు పట్టబోతే కరుస్తుంది, గీరుతుంది. పిల్లి పళ్లు సూదుల్లాంటివి. పైకి చిన్న చుక్కే కనిపించినా లోతుకు దిగి, ఒక్క రోజులోనే చెయ్యి వాచి చీము పట్టొచ్చు. రేబిస్ కుక్కల నుంచే వస్తుందనుకోవద్దు, పిల్లి నుంచీ వస్తుంది. కరిచినా, గీరినా వెంటనే పారే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. అదేరోజు ఆసుపత్రికి రండి. ప్రభుత్వాసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. గాయం లోతును బట్టి ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం కావచ్చు. ‘ఇంటి పిల్లే కదా’ అని ఊరుకోవద్దు. చొంగ కారుస్తూ, మింగలేక, గొంతు మారి, ఉన్నట్టుండి మీద పడుతున్న పిల్లి నోట్లో ఏదో ఇరుక్కుందని చెయ్యి పెట్టకండి.

కూనగా ఉన్నప్పుడే టీకా

హెర్పిస్, కాలిసి, పాన్‌ల్యూకోపీనియాలకు కలిపి ఇచ్చే టీకా ఉంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, 16 వారాలు నిండేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించాలి. తర్వాత బూస్టర్లు. ఇది వైరస్‌ను పూర్తిగా అడ్డుకోదు, జబ్బు తీవ్రతను బాగా తగ్గిస్తుంది. ముక్కు లోపలి చుట్టలు పాడయ్యేది ఎక్కువగా కూనగా ఉన్నప్పుడే కాబట్టి ఈ కొన్ని వారాలే కీలకం. మూడు నెలలకు రేబిస్ టీకా కూడా తప్పనిసరి.

కొత్త పిల్లిని తెస్తే రెండు వారాలు వేరే గదిలో ఉంచండి. గిన్నెలు, పెట్టె, పరుపు వేరుగా పెట్టండి. హెర్పిస్ బయట ఒక రోజుకు మించి బతకడం కష్టం. కాలిసి మాత్రం రోజులు, వారాల పాటు ఉంటుంది. అందుకే గిన్నెలను పలుచటి బ్లీచింగ్ ద్రావణంతో కడిగి, మంచినీళ్లతో మళ్లీ కడిగి, ఆరాకే వాడండి.

ఇంత చేసినా మీ పిల్లి అప్పుడప్పుడూ తుమ్ముతూనే ఉండొచ్చు. అది ఓటమి కాదు. తింటోందా, బరువు నిలబడిందా, హాయిగా నిద్రపోతోందా, ఆడుకుంటోందా అని చూడండి. ఒక నోటుపుస్తకంలో తారీఖు, ఏ రంధ్రం కారింది, స్రావం రంగు, బరువు, ఆ ముందు వారంలో ఇంట్లో వచ్చిన మార్పులు రాసి పెట్టుకోండి. పశువైద్యుడి దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ పుస్తకం తీసుకెళ్తే సరైన మందు త్వరగా దొరుకుతుంది, అనవసరమైన మందులు తగ్గుతాయి.